లార్డ్ మెకార్ట్నీ (1737-1806): తరచుగా అడిగే ప్రశ్నలు

మద్రాసు గవర్నర్ల జాబితాలో ఈ పేరు ఒక మూల ఉంటుంది. చైనా చరిత్ర చదివేవాళ్లకు మాత్రం చాలా పెద్ద పేరు. రెండు చోట్లా ఉన్నది ఒకే మనిషి. ఆయన గురించి తరచుగా వచ్చే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఉన్నాయి. మద్రాసు, చైనా దగ్గర ఎక్కువసేపు ఆగాను, మిగతావి తొందరగా దాటేశాను.

ఎవరీయన? రెండు ముక్కల్లో చెప్పండి.

జార్జ్ మెకార్ట్నీ. ఐర్లండ్‌లో పుట్టిన బ్రిటిష్ రాజకీయ నాయకుడు, రాయబారి, గవర్నరు. రష్యా రాణి కేథరిన్ దగ్గర, చైనా చక్రవర్తి చియన్‌లుంగ్ దగ్గర బ్రిటన్ తరఫున నిలబడ్డాడు. గ్రెనడా, మద్రాసు, దక్షిణాఫ్రికాలోని కేప్ కాలనీలను పాలించాడు. డబ్లిన్ పార్లమెంటులోనూ లండన్ పార్లమెంటులోనూ కూర్చున్నాడు. ఒక ఉద్యోగి ఇన్ని ఖండాలు తిరగడం ఆ రోజుల్లో అరుదు.

పుట్టుకతోనే ప్రభువా?

కాదు. 1737లో ఉత్తర ఐర్లండ్‌లోని ఆంట్రిమ్ కౌంటీలో, లిసనూర్ అనే ఊళ్లో పుట్టాడు. పూర్వీకులు స్కాట్లండ్ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాళ్లు. భూమి ఉంది, పరువు ఉంది, బిరుదు మాత్రం లేదు. డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివాక లండన్‌లో లా చదవడానికి పేరు నమోదు చేయించుకున్నాడు కానీ లాయరుగా బతికింది లేదు.

ఆయనకి కలిసొచ్చింది స్నేహం. యూరప్ తిరుగుతుండగా స్టీఫెన్ ఫాక్స్ అనే కుర్రాడితో పరిచయమైంది. అతని తండ్రి హెన్రీ ఫాక్స్ (తర్వాత లార్డ్ హాలండ్) అప్పట్లో బ్రిటిష్ రాజకీయాల్లో చక్రం తిప్పుతున్న మనిషి. తమ్ముడు చార్ల్స్ జేమ్స్ ఫాక్స్ తర్వాతి కాలంలో దేశమంతా తెలిసిన వక్త అయ్యాడు. ఆ ఇంటి తలుపు తెరుచుకుంటే మిగతా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. మనిషి అందగాడు, మాటకారి, జ్ఞాపకశక్తి అమోఘం. ఆ యాత్రల్లోనే ఫెర్నేలో ఉంటున్న వోల్టేర్‌ని కూడా కలిశాడు.

1768లో లేడీ జేన్ స్టూవర్ట్‌ని పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రి బ్యూట్ ప్రభువు, మూడో జార్జి రాజుకి గురువు, ఒకప్పటి ప్రధాని. అప్పటికే బాగా అప్రతిష్ఠ పాలైన ప్రధాని అనుకోండి. అయినా మామగారు మామగారే.

రష్యాలో ఏం సాధించాడు?

1764లో, 27 ఏళ్ల వయసులో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కి రాయబారిగా వెళ్లాడు. నౌకాదళానికి కావాల్సిన కలప, జనపనార, ఇనుము రష్యా నుంచే రావాలి కాబట్టి వాణిజ్య ఒప్పందం బ్రిటన్‌కి చాలా ముఖ్యం. కుర్రతనం దూకుడులో లండన్ అనుమతి పూర్తిగా రాకుండానే ఒక ఒప్పందం మీద సంతకం పెట్టేశాడు. లండన్ దాన్ని ఒప్పుకోలేదు. మళ్లీ బేరమాడి, కొన్ని మాటలు మార్పించి, 1766లో ఇద్దరికీ నచ్చిన ఒప్పందం కుదిర్చాడు.

లార్డ్ అని పిలుస్తారు కదా, మరి లండన్ ప్రభువుల సభలో ఎందుకు కూర్చోలేదు?

ఇది చాలామందిని తికమక పెడుతుంది. అప్పట్లో ఐర్లండ్‌కి వేరే పార్లమెంటు, వేరే ప్రభువుల సభ ఉండేవి. ఐరిష్ బిరుదు ఉన్నవాడు డబ్లిన్‌లోని ప్రభువుల సభలో కూర్చోవచ్చు. లండన్ ప్రభువుల సభలోకి ఆ బిరుదు మీద రానివ్వరు. తమాషా ఏమిటంటే అతను లండన్ కామన్స్ సభకి మాత్రం ఎన్నిక కావచ్చు.

మెకార్ట్నీ 1776లో ఐరిష్ బేరన్, 1792లో వైకౌంట్, 1794లో ఎర్ల్ అయ్యాడు. మూడూ ఐరిష్ బిరుదులే. అందుకే 1780లో, లార్డ్ అయ్యాక కూడా, బియర్ ఆల్‌స్టన్ అనే ఊరి నుంచి కామన్స్‌కి వెళ్లగలిగాడు. బ్రిటిష్ బిరుదు కోసం ఏళ్ల తరబడి అడిగి, చివరికి 1796లో పొందాడు. ఆ ఆరాటం వల్ల ఒకసారి చేతికందిన పెద్ద పదవి పోయింది. ఆ కథ కింద ఉంది.

‘రవి అస్తమించని సామ్రాజ్యం’ అన్నది ఈయనేనా?

బ్రిటన్ గురించి ఆ మాట తొలిగా రాసినవాళ్లలో ఈయన పేరే చెబుతారు. 1769 నుంచి 1772 దాకా ఐర్లండ్‌లో వైస్రాయి కింద ముఖ్య కార్యదర్శిగా పనిచేశాడు. డబ్లిన్ పార్లమెంటులో ప్రభుత్వం తరఫున తిట్లు తినే ఉద్యోగం అది. ఆ అనుభవంతో 1773లో ఐర్లండ్ స్థితిగతుల మీద ఒక పుస్తకం రాశాడు. సూర్యుడు అస్తమించని, ఎల్లలు ఇంకా తేలని మహా సామ్రాజ్యం అన్న వర్ణన అందులో వస్తుంది. అంతకు ముందు స్పెయిన్ గురించి ఇలాంటి మాటే వాడేవారు.

గ్రెనడాలో ఓడిపోయాడని విన్నాం. నిజమా?

నిజమే. 1776లో కరీబియన్‌లోని గ్రెనడా, టొబాగో దీవులకి గవర్నరుగా వెళ్లాడు. బానిసల చేత చెరకు పండించే దీవులవి. ఆయన దాని గురించి పెద్దగా నిద్ర పోగొట్టుకున్నట్టు ఎక్కడా కనిపించదు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలోకి ఫ్రాన్స్ దిగాక, 1779 జులైలో దెస్తాం అనే ఫ్రెంచి నౌకాధిపతి పెద్ద దండుతో వచ్చిపడ్డాడు. మెకార్ట్నీ దగ్గర ఉన్నది కొన్ని వందల మంది. షరతులు మాట్లాడదామంటే ఫ్రెంచివాడు ఒప్పుకోలేదు. లొంగిపోక తప్పలేదు. వెండి సామానుతో సహా ఇంట్లో ఉన్నదంతా పోయింది. ఆయన్ని ఖైదీగా ఫ్రాన్స్‌కి తీసుకెళ్లి, తర్వాత ఖైదీల మార్పిడిలో వదిలేశారు. ఓడిన గవర్నర్ని ఎవరూ తప్పు పట్టలేదు. రెండేళ్లు తిరక్కుండానే ఇంకా పెద్ద ఉద్యోగం ఇచ్చారు.

మద్రాసుకి ఈయన్నే ఎందుకు పంపారు?

ఈస్టిండియా కంపెనీ మనిషి కాడు కాబట్టి.

అప్పటి చెన్నపట్నం కథ కొంచెం తెలియాలి. ఆర్కాటు నవాబు మహమ్మద్ అలీ అప్పుల ఊబిలో ఉన్నాడు. అప్పిచ్చింది ఎవరో కాదు, సెయింట్ జార్జి కోటలో కూర్చునే కంపెనీ ఉద్యోగులే. పగలు కంపెనీ కొలువు, రాత్రి నవాబుతో వడ్డీ వ్యాపారం. వీళ్లలో పాల్ బెన్‌ఫీల్డ్ పేరు లండన్ దాకా మోగిపోయింది. 1776లో గవర్నర్ పిగట్ వీళ్లకి అడ్డుపడితే సొంత కౌన్సిలే ఆయన్ని పట్టి బంధించింది. ఆయన నిర్బంధంలోనే చనిపోయాడు. ఆ తర్వాత వచ్చిన రంబోల్డ్ మీద అవినీతి ఆరోపణలు పార్లమెంటు దాకా వెళ్లాయి. ఇంతలో 1780లో హైదర్ అలీ కర్ణాటక మైదానం మీద పడ్డాడు. పొల్లిలూరు దగ్గర బెయిలీ నడిపిన కంపెనీ పటాలం తుడిచిపెట్టుకుపోయింది.

ఇక లోపలి మనిషిని నమ్మి లాభం లేదని లండన్‌కి అర్థమైంది. మద్రాసులో బంధువులు లేని, అప్పుల లెక్కల్లో వాటా లేని మనిషి కావాలి. మెకార్ట్నీ 1781 జూన్‌లో దిగాడు.

ఆయన దిగేసరికి పరిస్థితి ఎలా ఉంది?

ఖజానా ఖాళీ. సిపాయిలకి జీతాలు బాకీ. హైదర్ గుర్రపుదళం మద్రాసు పొలిమేరల దాకా వచ్చి ఊళ్లు తగలబెట్టి పోతోంది. రైతులంతా కోట చుట్టూ చేరిపోవడంతో తిండిగింజలకి కటకట. 1782లో అది పెద్ద కరవైంది. గంజి పోయడానికి ఆ ఏడాది మొదలైన మణెగారు చౌల్ట్రీ తర్వాత ఎన్నో ఏళ్లు నడిచింది.

దీనికి తోడు బ్రిటన్, హాలండ్ మధ్య కూడా యుద్ధం వచ్చింది. ఆ కబురు మద్రాసుకి మోసుకొచ్చింది మెకార్ట్నీయే. డచ్చివాళ్ల సదరాసు, పులికాటు వెంటనే చేతికొచ్చాయి. నవంబరులో నాగపట్నం పడింది. మన వైపు భీమునిపట్నం, కాకినాడ పక్కన జగన్నాథపురం, పాలకొల్లుల్లోని డచ్చి కొఠీలు కూడా ఆ యుద్ధంలోనే ఇంగ్లీషువాళ్ల వశమై, సంధి తర్వాత తిరిగి డచ్చివాళ్లకి వెళ్లాయి.

నవాబుతో చేసుకున్న ఒప్పందం ఏమిటి? అంత గొడవ ఎందుకైంది?

1781 డిసెంబరులో నవాబు తన రాజ్యం శిస్తు వసూలు చేసుకునే హక్కు అయిదేళ్లపాటు కంపెనీకి రాసిచ్చాడు. వచ్చినదాంట్లో ఆరో వంతు నవాబు సొంత ఖర్చుకి, మిగతాది యుద్ధానికి. కాగితం మీద చక్కటి ఏర్పాటు.

దెబ్బ తగిలింది అప్పులవాళ్లకి. అంతవరకు నవాబు అప్పు తీర్చాలంటే ఏదో ఒక తాలూకా శిస్తు వాళ్లకి రాసిచ్చేవాడు. ఇప్పుడు ఆ దారి మూసుకుపోయింది. నవాబుకీ కొద్ది నెలల్లోనే మనసు మారింది. మద్రాసులో పని కాకపోతే కలకత్తాకి మనుషుల్ని పంపి గవర్నర్ జనరల్ వారెన్ హేస్టింగ్స్ చెవిలో వేశాడు. శిస్తు హక్కు నవాబుకి తిరిగిచ్చెయ్యమని హేస్టింగ్స్ నుంచి హుకుం వచ్చింది. మెకార్ట్నీ ఇవ్వనన్నాడు. యుద్ధం మధ్యలో డబ్బు వచ్చే ఒకే ఒక్క దారిని వదులుకోవడం ఆత్మహత్యేనని ఆయన వాదన. గవర్నర్ జనరల్ ఆజ్ఞని కింది గవర్నరు అలా పక్కన పెట్టడం చిన్న విషయం కాదు. ఇద్దరి మధ్య ఉత్తరాలు రానురాను విషం కక్కుకున్నాయి.

ఆయన ముక్కుసూటితనాన్ని మెచ్చుకునేముందు ఒక మాట. వసూలు చేసేది నవాబు మనిషైనా కంపెనీ మనిషైనా, కరవులో శిస్తు కట్టాల్సింది ఆర్కాటు రైతే. మెకార్ట్నీ రాసిన కాగితాల్లో ఖజానా గురించి ఉన్నంత బెంగ రైతు గురించి కనిపించదు.

తెలుగు జిల్లాలతో ఆయనకి ఏమైనా సంబంధం ఉందా?

ఉంది, చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే. శ్రీకాకుళం వైపు నుంచి కృష్ణ దాకా ఉత్తర సర్కార్లు అప్పటికే మద్రాసు ప్రభుత్వం కింద ఉన్నాయి. హైదర్‌తో యుద్ధానికి సిపాయిలు అక్కడినుంచి కూడా వెళ్లాలి. 1780 అక్టోబరులో విశాఖపట్నంలో ఓడ ఎక్కం అని సిపాయిలు తిరగబడింది ఈ యుద్ధం కోసం పిలిచినప్పుడే. మెకార్ట్నీ రావడానికి కొన్ని నెలల ముందు మాట అది.

అసలు ముఖ్యమైన సంగతి వేరే ఉంది. హైదర్‌ని ఒంటరివాణ్ణి చెయ్యడానికి నిజాం సాయం కావాలని, అందుకు బదులుగా ఉత్తర సర్కార్లని నిజాముకే తిరిగిచ్చేద్దామని కలకత్తా నుంచి ప్రతిపాదన వచ్చింది. మెకార్ట్నీ గట్టిగా అడ్డుపడ్డాడు. శిస్తు క్రమంగా వచ్చే నేలని, ఓడరేవులున్న తీరాన్ని అలా ఇచ్చెయ్యడమేమిటన్నాడు. ఆయన మాటే నెగ్గింది. నెగ్గకపోతే రాజమండ్రి, బందరు, విశాఖ హైదరాబాదు కింద ఉండిపోయేవేమో! గుంటూరు సర్కారు మాత్రం అప్పటికి నిజాం వైపే ఉంది. అది కంపెనీకి వచ్చింది 1788లో, కార్న్‌వాలిస్ రోజుల్లో.

హైదర్ అలీ చనిపోయిందీ తెలుగు నేల మీదే. 1782 డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట విడిదిలో. మెకార్ట్నీ ఉద్యోగ జీవితంలో అన్నిటికన్నా పెద్ద తగాదా అక్కడే రాజుకుంది.

జనరల్ స్టూవర్ట్‌తో తగాదా అదేనా?

అదే. హైదర్ మరణాన్ని ఆయన సర్దార్లు దాచిపెట్టారు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా సొమ్ము పంపిస్తున్నట్టు కోలారుకి పంపించారు. కొడుకు టిప్పు ఎక్కడో పడమటి తీరంలో ఉన్నాడు. అతను వచ్చేదాకా సైన్యం చెదరకూడదు.

వార్త మద్రాసుకి త్వరలోనే పొక్కింది. ఇప్పుడే దాడి చెయ్యండి, నాయకుడు లేని సైన్యం నిలవదు అని మెకార్ట్నీ తొందరపెట్టాడు. సేనాధిపతి ఐర్ కూట్ అప్పటికి జబ్బుతో బెంగాల్ వెళ్లిపోయాడు. ఆయన బదులు ఉన్నవాడు జేమ్స్ స్టూవర్ట్. ఈ స్టూవర్ట్ ఎవరో కాదు, 1776లో గవర్నర్ పిగట్‌ని అరెస్టు చేసినవాడే! పొల్లిలూరు దగ్గర జరిగిన రెండో యుద్ధంలో కాలు పోగొట్టుకున్నాడు. ఎడ్లు లేవు, బియ్యం లేదు, అసలు హైదర్ చచ్చాడని నమ్మకమేమిటి అంటూ కూర్చున్నాడు. కదిలేసరికి దాదాపు రెండు నెలలు గడిచాయి. ఈలోగా టిప్పు వచ్చి గద్దె ఎక్కేశాడు.

స్టూవర్ట్ వైపూ కొంత న్యాయం ఉంది. ఎడ్లు లేకుండా ఆ రోజుల్లో ఏ సైన్యమూ అడుగు వెయ్యలేదు, కరవు రోజుల్లో ఎడ్లు దొరకవు. కానీ గవర్నరు తనకి ఆజ్ఞలివ్వడమేమిటన్న అహంకారం అతని ప్రతి ఉత్తరంలోనూ ఉంది.

1783 జూన్‌లో స్టూవర్ట్ కడలూరు మీదికి వెళ్లాడు. అక్కడ ఫ్రెంచివాళ్లకి నాయకుడు ముసలి బుస్సీ. బొబ్బిలి యుద్ధం బుస్సీయే. బోలెడంత ప్రాణనష్టం జరిగాక, ఫ్రాన్స్‌తో సంధి కుదిరిందన్న వార్త రావడంతో పోరు ఆగింది. ఆ సెప్టెంబరులో మెకార్ట్నీ స్టూవర్ట్‌ని ఉద్యోగం నుంచి తీసేశాడు. పిగట్‌కి పట్టిన గతి తనకి పట్టకూడదు కదా! తన కార్యదర్శి జార్జ్ స్టాంటన్‌ని సిపాయిలతో పంపి, స్టూవర్ట్‌ని ఇంట్లోనే పట్టుకొచ్చి, ఓడ ఎక్కించి ఇంగ్లండ్‌కి పంపేశాడు.

టిప్పుతో మంగళూరు సంధి ఈయన చేసిందేనా?

అవును. 1784 మార్చి 11న, మద్రాసు పంపిన ప్రతినిధులు సంతకం చేశారు. ఎవరి దగ్గర పట్టుకున్నది వాళ్లకి తిరిగిచ్చెయ్యడం, ఖైదీలని వదలడం, అంతే. గెలుపు లేదు, ఓటమి లేదు. హేస్టింగ్స్ దీన్ని అవమానంగా భావించాడు. జీతాలివ్వడానికి డబ్బులేని గవర్నరుకి మాత్రం అదే గొప్ప ఊరట.

నిజంగా లంచం ముట్టలేదా?

ఆయన శత్రువులు తక్కువవాళ్లు కారు, ప్రతి కాగితాన్నీ తిరగేశారు. డబ్బు విషయంలో ఒక్కటీ దొరకలేదు. నవాబు ఇవ్వజూపిన కానుకల్ని వద్దన్నాడు. అప్పట్లో అలాంటి కానుక పుచ్చుకోవడం తప్పు కాదు, పుచ్చుకోకపోవడమే మర్యాద తక్కువ! జీతం మాత్రం భారీగా ఉండేది. అందులో మిగిల్చుకున్నదే ఇంటికి తీసుకెళ్లాడు. తర్వాత కంపెనీ ఏడాదికి 1,500 పౌండ్ల పింఛను ఇచ్చింది.

గవర్నర్ జనరల్ పదవి ఇస్తామంటే ఎందుకు వదులుకున్నాడు?

పూర్తిగా వదులుకున్నాడనలేం. 1785లో నవాబు శిస్తు హక్కు అతనికి తిరిగివ్వాలని ఈసారి లండన్ నుంచే ఉత్తర్వు వచ్చింది. అప్పులవాళ్లు అక్కడ పనిచేసిన ఫలితం అది. మెకార్ట్నీ రాజీనామా చేసి కలకత్తా వెళ్లాడు. అదే సమయంలో హేస్టింగ్స్ స్థానంలో ఆయన్నే గవర్నర్ జనరల్‌గా నియమించినట్టు కబురొచ్చింది. ఒంట్లో బాగోలేదు, పైగా సైన్యం మీద, కౌన్సిల్ మీద పూర్తి అధికారం లేకపోతే మళ్లీ మద్రాసు కథే అవుతుందని తెలుసు. లండన్ వెళ్లి మాట్లాడదామనుకున్నాడు.

మాట్లాడాడు. అధికారాలతో పాటు బ్రిటిష్ ప్రభువు బిరుదు కూడా అడిగాడు. ప్రధాని పిట్‌కి, ఇండియా వ్యవహారాలు చూసే డండాస్‌కి అది నచ్చలేదు. పదవి కార్న్‌వాలిస్‌కి వెళ్లింది. మెకార్ట్నీ కోరుకున్న అధికారాల్లో చాలావరకు కార్న్‌వాలిస్‌కి ఇచ్చారు. అడిగినవాడికి దక్కలేదు, అంతే.

డ్యుయెల్ (ఇద్దరి మధ్య పిస్తోళ్ల పోరు) చేశాడట?

ఒకటి కాదు, రెండు. 1784 సెప్టెంబరులో మద్రాసులోనే కౌన్సిల్ సభ్యుడు ఆంటొనీ సాడ్లియర్‌తో మాటామాటా పెరిగి పిస్తోళ్ల దాకా వచ్చింది. గవర్నరే గాయపడ్డాడు.

రెండోది స్టూవర్ట్‌తో, 1786 జూన్ 8న లండన్‌లో. మూడేళ్లు కడుపులో పెట్టుకున్న కోపం. పన్నెండు అంగల దూరంలో నిలబెట్టారు. ఒంటికాలి జనరల్ చెట్టుకి వీపు ఆనించి నిలబడ్డాడు. మెకార్ట్నీకి చూపు ఆనదు. ఆయన పిస్తోలు ఎక్కుపెట్టి లేదని స్టూవర్టే గుర్తు చేశాడట. లార్డుగారు థాంక్స్ చెప్పి ఎక్కుపెట్టుకున్నారు. చంపడానికి వచ్చినవాడి మర్యాద చూడండి! తూటా మెకార్ట్నీ భుజంలో దిగింది. ఇంకోసారి కాలుద్దామని స్టూవర్ట్ పట్టుబడితే పక్కనున్నవాళ్లు ఆపేశారు.

చైనాకి ఎందుకు వెళ్లాడు?

టీ కోసం. బ్రిటన్‌లో టీ తాగడం ఇంటింటికీ పాకింది. టీ దొరికేది చైనాలో, అదీ కాంటన్ అనే ఒక్క రేవులో, ప్రభుత్వం నియమించిన వర్తకుల దగ్గరే. చైనావాళ్లకి మాత్రం బ్రిటన్ సరుకు పెద్దగా అక్కర్లేదు. వెండి అంతా అటు పోతోంది. ఇంకొన్ని రేవులు తెరవాలి, పెకింగ్‌లో (ఇప్పటి బీజింగ్) బ్రిటిష్ రాయబారి శాశ్వతంగా ఉండాలి, సరుకు దించుకోడానికి ఒక చిన్న దీవి కావాలి. అడగాల్సినవి ఇవి. ఖర్చు ఈస్టిండియా కంపెనీది.

1792 సెప్టెంబరు 26న పోర్ట్స్‌మత్ నుంచి బయలుదేరారు. ఓడల సిబ్బందితో కలిపి 700 మంది దాకా. రెండో స్థానంలో ఉన్నది మద్రాసు కార్యదర్శి స్టాంటనే. దుబాసీలుగా ఇటలీలోని నేపుల్స్‌లో చదువుకుంటున్న చైనా క్రైస్తవుల్ని వెతికి పట్టుకొచ్చారు, ఎందుకంటే బ్రిటన్‌లో చైనా భాష వచ్చినవాళ్లు లేరు. ఓడలు కదలకముందే గిల్రే అనే కార్టూనిస్టు, చైనా చక్రవర్తి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆటబొమ్మలు సమర్పిస్తున్న రాయబారి బొమ్మ గీసి అమ్మేశాడు. జరగబోయేది దాదాపు అదే.

ఏమేం కానుకలు తీసుకెళ్లారు?

గ్రహాల కదలికలు చూపించే పెద్ద యంత్రం, టెలిస్కోపులు, గడియారాలు, వెడ్జ్‌వుడ్ పింగాణీ, ఇత్తడి ఫిరంగులు, యుద్ధనౌక నమూనా, రెండు గుర్రపు బగ్గీలు. పెకింగ్‌కి చేర్చడానికే వేల మంది కూలీలు కావాల్సి వచ్చింది. పడవల మీద చైనా అధికారులు కట్టిన జెండాల్లో ‘కప్పం తెచ్చిన ఇంగ్లండ్ రాయబారి’ అని రాసి ఉంది. మెకార్ట్నీకి అర్థమైంది కానీ తెలియనట్టు ఊరుకున్నాడు.

బగ్గీల కథ మరీ బాగుంటుంది. పట్టుగుడ్డ కప్పి, ఎత్తుగా, అందంగా ఉన్న ముందు సీటు చక్రవర్తికే అనుకున్నారు చైనా అధికారులు. కాదు, అది బండి తోలేవాడిదని చెబితే నిర్ఘాంతపోయారు. చక్రవర్తి కన్నా ఎత్తున, ఆయనకి వీపు పెట్టి ఒక బండివాడు కూర్చుంటాడా? ఎంతో ఖర్చుపెట్టి చేయించిన బండి ఆ ఒక్క ప్రశ్నతో పనికిరాకుండా పోయింది.

చక్రవర్తి ముందు వంగాడా, వంగలేదా?

చైనా మర్యాద ప్రకారం మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు నుదురు నేలకి ఆనించాలి. మెకార్ట్నీ ఒక షరతు పెట్టాడు: తన హోదాకి సమానమైన చైనా అధికారి మూడో జార్జి చిత్రపటం ముందు అదే చేస్తే తానూ చేస్తానన్నాడు. వాళ్లకది పిచ్చి మాటలా వినిపించింది. వారాల తరబడి బేరాలు నడిచాయి. చివరికి తన రాజు ముందు చేసినట్టే ఒక మోకాలు వంచితే చాలన్నారు.

1793 సెప్టెంబరు 14 తెల్లవారుజామున, చైనా మహాకుడ్యానికి అవతల జెహోల్ విడిదిలో, పెద్ద గుడారంలో 82వ ఏట ఉన్న చియన్‌లుంగ్ దర్శనం దొరికింది. ఒక మోకాలే వంచానని మెకార్ట్నీ డైరీ చెబుతుంది. ఆయన సాష్టాంగపడ్డాడని తర్వాత చైనా దర్బారు వాదించింది. 1816లో ఆమ్‌హర్స్ట్ అనే ఇంకో రాయబారి వెళ్లినప్పుడు ఇదే పెద్ద రభస అయింది. నాకైతే మెకార్ట్నీ మాటే నమ్మబుద్ధేస్తుంది. వంగే మనిషైతే మద్రాసులోనే వంగేవాడు.

ఆ రోజు అందరి మనసూ దోచింది స్టాంటన్ కొడుకు, 12 ఏళ్ల జార్జ్ థామస్. ఓడలో దుబాసీల దగ్గర చైనా భాష నేర్చుకున్నాడు. మీలో మా భాష ఎవరికి వచ్చు అని చక్రవర్తి అడిగితే వాడు ముందుకొచ్చి మాట్లాడాడు. ముసలాయన ముచ్చటపడి, నడుముకి వేలాడుతున్న వక్కల సంచి తీసి పిల్లాడికిచ్చేశాడు.

ఫలితం?

సున్నా. మా దగ్గర అన్నీ ఉన్నాయి, మీ సరుకులు మాకక్కర్లేదు అన్న అర్థంతో మూడో జార్జికి ఉత్తరం ఇచ్చి, అక్టోబరులో పెకింగ్ నుంచి సాగనంపారు. తిరుగు ప్రయాణం కాలువల మీదుగా కాంటన్ దాకా సాగింది. దారి పొడవునా దేశాన్ని కళ్లారా చూశాడు. చైనా సామ్రాజ్యం ఒక పాత, శిథిలమైన పెద్ద యుద్ధనౌక అని డైరీలో రాసుకున్నాడు. సమర్థులైన నాయకులు దొరికినంతకాలం తేలింది, చేతకానివాడు ఎక్కితే కొట్టుకుపోతుంది, అదే అడుగు మీద మళ్లీ కట్టలేరు అని.

ఊరికే పోలేదు కూడా. బృందంలోని డిన్‌విడ్డీ అనే శాస్త్రజ్ఞుడు చైనా టీ మొక్కల్ని కలకత్తాకి చేర్చాడు. స్టాంటన్ తెచ్చిన ఒక అడవి గులాబీని ఇప్పటికీ మెకార్ట్నీ గులాబీ అనే పిలుస్తారు. 1860లో బ్రిటిష్, ఫ్రెంచి సైన్యాలు పెకింగ్ వేసవి భవనాన్ని దోచినప్పుడు ఆయనిచ్చిన ఫిరంగులు వాడకుండా పడి ఉన్నాయి.

తర్వాత ఏం చేశాడు?

ఇటలీలోని వెరోనాలో తలదాచుకుంటున్న ఫ్రెంచి రాజు పద్దెనిమిదో లూయీ దగ్గరికి దూతగా వెళ్లాడు. డచ్చివాళ్ల నుంచి బ్రిటన్ లాక్కున్న కేప్ కాలనీకి 1797లో గవర్నరయ్యాడు. అక్కడ ఆయన పాలనలోనే 1798లో కాలనీ సరిహద్దులు ప్రకటించారు. కీళ్లవాతం పట్టి పీడించడంతో ఆ ఏడాదే తిరిగొచ్చేశాడు. భార్య కేప్‌కి రాలేదు. విందులూ అతిథి మర్యాదలూ చూసుకున్నది కార్యదర్శి భార్య లేడీ ఆన్ బర్నార్డ్. ఆ రోజుల గురించి ఆమె రాసిన ఉత్తరాలు, డైరీలు ఈయన ప్రభుత్వ కాగితాల కన్నా ఎంతో బాగుంటాయి.

1806లో లండన్ పక్కన చిజిక్‌లో చనిపోయాడు. అక్కడి చర్చిలోనే సమాధి.

బీటిల్స్ పాల్ మెకార్ట్నీ ఈయన వంశమేనా?

ఈయన సంతానం మాత్రం కాదు. లార్డ్ మెకార్ట్నీకి పిల్లలు లేరు. అందుకే బేరన్, వైకౌంట్, ఎర్ల్, ఆఖరికి అంత తిప్పలుపడి సంపాదించిన బ్రిటిష్ బిరుదు కూడా ఆయనతోనే ఆగిపోయాయి.